గుమ్మం దాటలేని పక్కా ఇల్లు: ఐదు శాతం వాదానికి ఖండన

ప్రభుత్వ సాయంతో కట్టే ఇళ్లలో సుగమ్యత ఏ మేరకు తప్పనిసరి కావాలన్న ప్రశ్నకు గృహనిర్మాణ శాఖల్లోనూ, ఇంజనీర్లలోనూ, విధానాల మీద రాసేవారిలోనూ ఒక జవాబు స్థిరపడిపోయింది. సుగమ్యత అంటే నడవలేనివారు, చూపు లేనివారు, వయసు మళ్లినవారు మరొకరి మీద ఆధారపడకుండా ఇంట్లోకి రావడానికి, గదుల్లో తిరగడానికి, మరుగుదొడ్డి వాడుకోవడానికి, బయటికి వెళ్లడానికి వీలుగా కట్టడం ఉండడం. స్థిరపడిన ఆ జవాబు ప్రకారం లబ్ధిదారుల్లో ఐదు శాతం మంది వికలాంగులు ఉండేలా చూడడం, అంతస్తుల భవనాల్లో వారికి కింది ఇల్లు కేటాయించడం, ఎవరికైనా ప్రత్యేక అవసరం పడితే అప్పుడు మార్పులు చేయించడం సరిపోతాయి; అంతకు మించి ప్రతి ఇంటికీ వాలుదారి, వెడల్పు తలుపు, వీలైన మరుగుదొడ్డి ఉండాలని నియమం పెడితే ఒక్కో ఇంటి ఖర్చు పెరిగి, మొత్తం ఇళ్ల సంఖ్య తగ్గి, నీడ లేని పేదలకే అన్యాయం జరుగుతుంది. పేదల పక్షాన మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది కనుక ఈ వాదానికి గౌరవం దక్కింది. కానీ అది లెక్కలో తప్పింది, చట్టాన్ని చదవడంలో తప్పింది, అన్నిటికంటే ముఖ్యంగా ఇల్లు ఎంతకాలం నిలుస్తుందో, అందులో ఎవరెవరు బతుకుతారో గమనించడంలో తప్పింది.

ముందుగా ఐదు శాతం సంగతి చూడాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ అన్ని గృహ పథకాల కేటాయింపుల్లోనూ ప్రామాణిక వైకల్యం ఉన్నవారికి, అంటే కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం పొందినవారికి, ఐదు శాతం రిజర్వేషన్ ఇవ్వాలని, అందులో స్త్రీలకు తగిన ప్రాధాన్యం ఉండాలని చెబుతుంది. ఇది అవసరమైన నిబంధనే. దశాబ్దాల పాటు జాబితాల్లో కనిపించని పేర్లను ఇది జాబితాల్లోకి తెచ్చింది. అయితే ఇది లెక్కపెట్టేది మనుషుల పేర్లనే గాని తలుపుల వెడల్పును కాదు. చక్రాల కుర్చీ పట్టని గుమ్మం ఉన్న ఇంటిని చక్రాల కుర్చీలో తిరిగే మనిషికి కేటాయించినా ఐదు శాతం నిండినట్టే నమోదవుతుంది. అమెరికాలో ఫెడరల్ సాయం పొందే గృహ సముదాయాలకు వర్తించే 1973 నాటి పునరావాస చట్టం 504వ సెక్షన్ కింద కూడా ఐదు శాతం అనే అంకె ఉంది గాని, అక్కడ ఆ అంకె కట్టిన ఇళ్లకు సంబంధించినది: కొత్తగా కట్టే సముదాయంలో కనీసం ఐదు శాతం ఇళ్లు కదలిక వైకల్యం ఉన్నవారికి వీలుగానూ, మరో రెండు శాతం వినికిడి, చూపు సమస్యలున్నవారికి వీలుగానూ కట్టి తీరాలి. అంకె ఒకటే అయినా ఒకచోట అది ఇటుకల మీద పెట్టిన షరతు, మరోచోట జాబితా మీద పెట్టిన షరతు. మన విధానకర్తలు రెండవదాన్ని చూపించి మొదటిది కూడా నెరవేరినట్టు మాట్లాడుతున్నారు.

ఐదు శాతమే ఎక్కువ అనేవారు సాధారణంగా చూపే లెక్క 2011 జనాభా గణనది. దేశంలో 2.68 కోట్ల మంది, అంటే జనాభాలో 2.21 శాతం మంది వికలాంగులని ఆ గణన తేల్చింది. రెండు శాతం మంది కోసం నూరు శాతం ఇళ్ల నమూనా మార్చడం ఎందుకని ఆ వెంటనే ప్రశ్న వస్తుంది. ఇల్లు ఒక మనిషికి కాక ఒక కుటుంబానికి ఇచ్చేదన్న సంగతి ఈ ప్రశ్న వేసేవారు మరిచిపోయారు. అదే గణన ప్రకారం వైకల్యం ఉన్న సభ్యుడో సభ్యురాలో ఉన్న కుటుంబాలు 8.3 శాతం. పైగా ఆ గణన పాత చట్టపు దృష్టితో జరిగింది. 1995 చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడు కాగా 2016 చట్టం గుర్తించినవి ఇరవై ఒకటి. అరవై దాటిన వృద్ధులు అప్పటికే 10 కోట్లకు పైగా, అంటే జనాభాలో 8.6 శాతం ఉన్నారు. ఆ వాటా అప్పటి నుంచి పెరుగుతూనే ఉంది. వీరిలో చాలామందికి ధ్రువపత్రం ఉండదు గాని మోకాళ్ల నొప్పి ఉంటుంది, మసకబారిన చూపు ఉంటుంది, రాత్రివేళ మరుగుదొడ్డికి వెళ్తూ జారిపడే భయం ఉంటుంది.

ఈ అంకెలన్నీ ఒక్క రోజున తీసిన ఫొటో లాంటివి మాత్రమే. కేటాయింపు నాడు ఎవరూ వికలాంగులు కాని కుటుంబానికి ఇచ్చిన ఇంట్లో రాబోయే నలభై ఏళ్లలో ఎవరికో పక్షవాతం వస్తుంది, మధుమేహం ముదిరి ఎవరికో కాలు తీసేస్తారు, భవన నిర్మాణంలో కూలికి వెళ్లినవారు పరంజా మీంచి పడతారు, రోడ్డు ప్రమాదంలో వెన్నుపూస విరుగుతుంది. మార్కెట్లో ఇల్లు కొన్న మనిషి అలాంటి స్థితిలో దాన్ని అమ్మి, అనువైన చోటికి మారగలడు. ప్రభుత్వ ఇల్లు పొందినవారికి ఆ దారి రెండు వైపులా మూసి ఉంటుంది: నిర్ణీత కాలం దాకా ఆ ఇంటిని అమ్ముకోకూడదు, ఒకసారి లబ్ధి పొందిన కుటుంబానికి మరోసారి పథకంలో చోటు ఉండదు. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివారికే ప్రధానమంత్రి ఆవాస్ యోజన వర్తిస్తుందన్న నియమం న్యాయమైనదే గాని, ఆ నియమమే రాజ్యం భుజాన మరో బరువు కూడా పెడుతుంది. జీవితంలో ఒక్కసారే ఇచ్చే ఇల్లు జీవితంలోని అన్ని దశలకూ పనికి రావాలి. ప్రైవేటు అపార్ట్‌మెంటులో సుగమ్యత లేకపోవడం కంటే సబ్సిడీ ఇంట్లో సుగమ్యత లేకపోవడం పెద్ద తప్పు కావడానికి కారణం ఇదే. ఖర్చు తగ్గించుకోవడానికి పేదల ఇంటికి తక్కువ ప్రమాణం చాలని చెప్పే వాదం ఈ తర్కాన్ని సరిగ్గా తలకిందులు చేస్తోంది.

తెలుగు కుటుంబాల జీవన విధానం ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. ముసలి తల్లిదండ్రులు ఒకే కొడుకు దగ్గర కాకుండా కొన్ని నెలలు పెద్ద కొడుకు ఇంట్లో, కొన్ని నెలలు చిన్న కొడుకు ఇంట్లో వంతులవారీగా ఉండడం కోస్తాలోనూ, సీమలోనూ, తెలంగాణలోనూ మామూలే. కాన్పుకు వచ్చిన కూతురు నెలల తరబడి పుట్టింట్లో ఉంటుంది. ఇలాంటి సమాజంలో వికలాంగుల ఇళ్లు ఇవి, మిగతావారి ఇళ్లు ఇవి అని గీత గీయడం సాధ్యం కాదు. జాబితాలో ఉన్న ఐదు శాతం ఇళ్లలోనే వైకల్యం, వార్ధక్యం కాపురముంటాయని అనుకోవడం కాగితం మీదే కుదురుతుంది.

కొన్ని ప్రాంతాల్లో ఆ గీత మరీ క్రూరమవుతుంది. తాగునీటిలో మోతాదు మించిన ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయి, వెన్ను వంగిపోయి, కీళ్లు కదలకుండా పోయే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొదటగా 1937లో వైద్యులు నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఊళ్లకు ఊళ్లే ఆ నీటి ఫలితాన్ని తరాల తరబడి మోశాయి. సురక్షితమైన నీరు వచ్చిన తర్వాత కూడా బిగిసిన ఎముక తిరిగి వంగదు. అలాంటి ఊరిలో కట్టే ప్రభుత్వ ఇంట్లో గొంతుక్కూర్చోవలసిన మరుగుదొడ్డిని ఏకైక నమూనాగా పెట్టడం, దాని ముందు రెండు మెట్లు కట్టడం, గోడకు పట్టుకోవడానికి ఏమీ లేకుండా వదిలేయడం అంటే ఆ ఊరి చరిత్ర ప్రభుత్వానికే తెలియనట్టు ప్రవర్తించడం. వీరిలో ఎందరికి 40 శాతం ధ్రువపత్రం వచ్చిందన్నది వేరే ప్రశ్న. మోకాలు వంగని మనిషికి ముప్పై శాతం వైకల్యమే ఉందని డాక్టరు రాసినంత మాత్రాన ఆ మరుగుదొడ్డి వాడుకోదగినది అయిపోదు.

కింది అంతస్తు ఇస్తున్నాం కదా అన్న సమాధానం ఈ చర్చలో అన్నిటికంటే తరచుగా వినిపిస్తుంది. పట్టణ ఆవాస్ యోజన మార్గదర్శకాలు వికలాంగులు, వృద్ధులు ఉన్న కుటుంబాలకు నేల అంతస్తులోనో కింది అంతస్తుల్లోనో ప్రాధాన్యం ఇవ్వాలని చెబుతున్నాయి. ఆ సూచన మంచిదే. కాని నేల అంతస్తు నేలమీద ఉండదు. పునాది ఎత్తు అడుగున్నర అయితే కింది ఇంటికీ మూడు మెట్లు ఉంటాయి. పై అంతస్తులో స్నానాల గది తలుపు ఎంత ఇరుకో కింది అంతస్తులోనూ అంతే, ఎందుకంటే బ్లాకు మొత్తానికీ నమూనా ఒకటే. ఇక పై అంతస్తుల్లోని వారికి కాలక్రమంలో వైకల్యం వచ్చినప్పుడు కింది ఇంటితో మార్చి ఇచ్చే పద్ధతి మార్గదర్శకాల్లో ఎక్కడా బలంగా లేదు. పేదల కాలనీల్లో బతుకు ఇరుగుపొరుగు మీద నడుస్తుంది. చీటీ పాట, డ్వాక్రా సంఘం సమావేశం, పెళ్లి మాటలు, పరామర్శ ఎవరో ఒకరి ఇంట్లో జరుగుతాయి. కింది ఇంట్లో ఉన్న మనిషికి పై ఇళ్లన్నీ మూసుకుపోతే, ఆ మనిషికి దొరికినది ఒక గది మాత్రమే గాని కాలనీలో చోటు కాదు.

ఇక ఖర్చు సంగతి. సుగమ్యత అనగానే ఒక ఆస్పత్రి స్థాయి సామగ్రిని ఊహించుకుని దాని ధరను ఇంటి ధరకు కలిపి భయపెట్టడం జరుగుతోంది. ప్రతి ఇంటికీ అడుగుతున్నది అది కాదు. ప్రతి ఇంటికీ కావలసినవి నాలుగే: మెట్లు లేకుండా లోపలికి రాగల ఒక దారి, తగినంత వెడల్పున్న తలుపులు, చోటున్న మరుగుదొడ్డి, అవసరమైనప్పుడు కడ్డీ బిగించడానికి బలమైన గోడ. ఇంగ్లండులో 1999 నుంచి కొత్తగా కట్టే ఇళ్లన్నిటికీ, అందులో ఎవరుంటారన్న ప్రశ్న లేకుండానే, దాదాపు ఇదే కనీస స్థాయిని భవన నియమాల్లో పెట్టారు. పూర్తిస్థాయి ప్రమాణాలతో కట్టే ఇళ్లు కొంత శాతం ఉండడం దీనికి అదనం. దీనికి బదులు కాదు.

ఈ నాలుగింటిలో తలుపు ఖర్చు దాదాపు లేనట్టే. స్నానాల గదికి రెండున్నర అడుగుల తలుపు పెట్టే చోట మూడడుగుల తలుపు పెడితే అర అడుగు వెడల్పున చెక్కో, పీవీసీయో పెరుగుతుంది, అంతే మేర ఇటుక, సిమెంటు, పూత తగ్గుతాయి. ఆ తలుపు లోపలికి కాకుండా బయటికి తెరుచుకునేలా బిగిస్తే పైసా ఖర్చు లేదు. లోపల జారిపడిన మనిషి తలుపుకు అడ్డంగా ఉంటే బయటివారు తలుపు తీయలేని ప్రమాదం తప్పుతుంది. మరుగుదొడ్డి విషయంలో కొంచెం లెక్క వేయాలి. స్నానానికి ఒక మూడడుగుల బై నాలుగడుగుల గది, దొడ్డికి అలాంటిదే మరొకటి పక్కపక్కన కట్టడం వాడుకలో ఉన్న పద్ధతి. రెండూ కలిపి 24 చదరపు అడుగులు. చక్రాల కుర్చీ వెనక్కి తిరగడానికి ప్రమాణాలు చెప్పే వృత్తం 1500 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఐదడుగులు. రెండు గదులనూ కలిపి ఐదు బై ఆరు కొలతతో ఒకే గది కడితే పెరిగేది ఆరు చదరపు అడుగులు. పూర్తి ప్రమాణానికి ఇది చాలదు గాని, పక్కన ఒకరు నిలబడి సాయం చేయడానికీ, కుర్చీని లోపలి దాకా తేవడానికీ చాలుతుంది. తెలంగాణ ఇందిరమ్మ ఇళ్ల పథకంలో కనీసం 400 చదరపు అడుగుల ఇంటికి 5 లక్షల రూపాయలు ఇస్తున్నారు. అంటే చదరపు అడుగుకు 1,250. ఆ లెక్కన ఆరు చదరపు అడుగులకు 7,500 రూపాయలు, ఇంటి సాయంలో ఒకటిన్నర శాతం. అందులోంచి ఒక మధ్యగోడ, ఒక తలుపు ఖర్చు మిగులుతుంది. ఒకరు స్నానం చేస్తుండగా మరొకరు దొడ్డికి వెళ్లే వీలు పోతుందన్నది న్యాయమైన అభ్యంతరమే, పెద్ద కుటుంబాలకు అది ఇబ్బందే. ఆ ఇబ్బందికి రెండు గదులుగానే ఉంచి ఒకదాన్ని పెద్దది చేయడమో, మధ్యలో తీసేయగల పలక అడ్డు పెట్టడమో పరిష్కారం కావచ్చు; మంచానికి అతుక్కుపోయిన మనిషికి అసలు దొడ్డే అందకుండా చేయడం మాత్రం పరిష్కారం కాదు.

అవతలి పక్షం దగ్గర నిజంగా బలమున్న వాదం ఒకటే, అది వాలుదారి. ప్రమాణాల ప్రకారం ర్యాంపు వాలు పన్నెండుకు ఒకటి, అంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలి. పునాది అడుగున్నర ఎత్తుంటే పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన పేదలందరికీ ఇళ్లు కార్యక్రమంలో పట్టణాల్లో ఇచ్చిన స్థలం ఒక సెంటు, అంటే 435 చదరపు అడుగులు. అందులో 340 చదరపు అడుగుల ఇల్లు కట్టాక మిగిలే నేలలో ఆ పొడవు ర్యాంపు ఇమడదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పల్లపు భూముల్లో వేసిన లేఅవుట్లలో పునాది తగ్గించమనడం వరదనీటిని ఇంట్లోకి పిలవడమే. ఈ కష్టాన్ని లేదనడం నిజాయితీ కాదు. అయితే ఇది ఇంటి కష్టం కాదు, లేఅవుటు కష్టం. నేల చదును చేయించేదీ, మెరక పోయించేదీ, రోడ్డు, కాలువ మట్టాలు నిర్ణయించేదీ ప్రభుత్వమే. రోడ్డు మట్టాన్నీ గుమ్మం మట్టాన్నీ కలిపి ఆలోచిస్తే వాటి మధ్య తేడాను అర అడుగుకు తేవచ్చు. అప్పుడు ఆరడుగుల వాలు చాలు. అదీ వీలుకాని పల్లపు చోట ఒక వరసలోని ఇళ్లన్నిటికీ ముందు పునాది మట్టానికి ఒకే ఉమ్మడి అరుగు కట్టి, దాని చివర ఒకే ఒక పొడవాటి వాలు పెడితే ఎనిమిది ఇళ్లకు ఎనిమిది ర్యాంపులు అక్కర్లేదు. తెలుగు ఊళ్లకు అరుగు కొత్త కాదు. ఇంటి గీత గీసేవారు ఒకరు, రోడ్డు గీత గీసేవారు మరొకరు కావడం వల్ల, మధ్యలో మిగిలిన అడుగున్నర ఎత్తుకు ఎవరూ జవాబుదారీ కాకుండా పోయారు.

వాలు గురించి మాట్లాడినప్పుడల్లా గడప ప్రస్తావన వస్తుంది. పసుపు రాసి, బొట్టు పెట్టి, పండుగనాడు తోరణం కట్టే గడపను తీసేయమంటారా అన్న ప్రశ్నలో ఉన్న మనసును తేలిగ్గా తీసుకోకూడదు. నియమాలు రాసేవారు ఆ ఆచారాన్ని అడ్డంకి అని కొట్టిపారేస్తే ఆ నియమాలు ఇళ్లలో నిలవవు. గడపను తీయనక్కర్లేదు. దాని పైఅంచు నేల మట్టం కంటే పన్నెండు మిల్లీమీటర్లకు మించకుండా, అంచులు వాలుగా చెక్కి, కర్రను నేలలోకి దించి పెడితే పసుపుకూ చోటుంటుంది, చక్రానికీ దారి ఉంటుంది. లోపలి గదుల ద్వారాలకు గడపలు పెట్టడం మేస్త్రీలు ఇప్పటికే చాలావరకు మానేశారు.

లిఫ్టు ఒక్కటే నిజంగా పెద్ద ఖర్చు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ టిడ్కో అక్కడి పట్టణాల్లో 300, 365, 430 చదరపు అడుగుల కొలతలతో జి ప్లస్ త్రీ బ్లాకులు, అంటే కింది అంతస్తు మీద మరో మూడు అంతస్తులున్న భవనాలు, కట్టింది. దేశమంతటా ఈ ఎత్తు కట్టడాల్లో సాధారణంగా మెట్లే దిక్కు, ఎందుకంటే లిఫ్టు ఎప్పుడు తప్పనిసరి అన్నది భవనం ఎత్తును బట్టి నిర్ణయమవుతుంది. ఆ ఎత్తును ఆరోగ్యవంతుడి కాళ్ల సత్తువతో కొలిచారు. సంగారెడ్డి జిల్లా కొల్లూరులో 15,660 రెండు పడకగదుల ఇళ్లను ఎత్తయిన బ్లాకుల్లో కట్టినప్పుడు లిఫ్టులు పెట్టక తప్పలేదు, పెట్టారు. పేదల ఇళ్లకు లిఫ్టు ఊహకందని విలాసమన్న మాట అక్కడే వీగిపోయింది. అసలు చిక్కు నిర్వహణ: కరెంటు బిల్లు, మరమ్మతు, ఏటా తనిఖీ ఎవరు భరించాలన్నది తేల్చకపోతే లిఫ్టు ఆగిపోయి అలాగే ఉంటుంది. అందుకే నిర్మాణ టెండరులోనే కొన్నేళ్ల నిర్వహణ బాధ్యతను చేర్చాలి. ఒక్కో బ్లాకుకు ఒక్కో లిఫ్టు కాకుండా రెండు మూడు బ్లాకులను వంతెన నడవాలతో కలిపి ఒకే లిఫ్టు వాడుకునేలా గీయాలి. కనీసం లిఫ్టు గొయ్యికి, దారికి స్థలం వదిలి పునాది వేయాలి. భూమి దొరికే చిన్న పట్టణాల్లో జి ప్లస్ వన్‌తో ఆపడం గురించి కూడా గట్టిగా ఆలోచించాలి.

అవసరమైతే తర్వాత మారుస్తాం అన్న మాట వినడానికి సముచితంగా ఉంటుంది గాని కట్టడం ఆ మాటను వినదు. టిడ్కో బ్లాకుల్లో వాడిన షియర్ వాల్ పద్ధతిలో ఇటుక గోడ ఉండదు. ఇనుప చట్రం చుట్టూ అచ్చులు బిగించి కాంక్రీటు పోసి గోడనూ శ్లాబునూ కలిపి నిలబెడతారు, భవనం బరువు ఆ గోడల మీదే ఆనుతుంది. అలాంటి గోడలో తలుపు వెడల్పు చేయాలంటే భారం మోసే కాంక్రీటును కోయాలి. ఏ ఇంజనీరూ దానికి అనుమతి ఇవ్వడు, ఇవ్వకూడదు. అంటే కాంక్రీటు పోసిన రోజున తలుపు ఎంత ఉందో భవనం కూలేదాకా అంతే. ఇటుక ఇంట్లో మార్పు సాధ్యమే అయినా, గోడ కొట్టి, చౌకట్టు మార్చి, నేల తవ్వి, గొట్టాలు జరిపే ఖర్చు మొదట్లో అర అడుగు ఎక్కువ వదలడానికి అయ్యే ఖర్చుకు ఎన్నో రెట్లు. ఆ ఖర్చు మీద పడేది కూడా ఆస్పత్రి అప్పులతో కుటుంబం కుంగిపోయి ఉన్న సమయంలోనే.

ఖర్చు వాదంలోని లోతైన లోపం ఇక్కడే ఉంది: ఇంట్లో పెట్టని డబ్బు ఆదా కాదు, అది మరొకరి మీదికి బదిలీ అవుతుంది. మెట్లు దిగలేని మనిషిని దించేది, దొడ్డికి మోసుకెళ్లేది, మంచం దగ్గరే శుభ్రం చేసేది ఎక్కువగా తల్లి, భార్య, కోడలు. ఆ పని కోసం వారు కూలి మానుకుంటారు, ఉపాధి పనికి వెళ్లలేరు, నడుము నొప్పితో కొన్నేళ్లకు వారే పడకేస్తారు. ప్రభుత్వ ఖాతాలోనూ ఈ బదిలీ కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. అది ఎంతో అవసరమైన నిర్ణయం. ఏడాదికి ఆ మొత్తం 1,80,000. గ్రామీణ ఆవాస్ యోజన కింద మైదాన ప్రాంతంలో కేంద్రం లెక్కగట్టిన ఇంటి సాయం 1,20,000. ఒక మనిషి మంచం దిగలేకపోవడానికి ప్రభుత్వం ఏడాదిలో ఇచ్చే పరిహారం ఒక ఇంటి సాయం కంటే ఎక్కువగా ఉన్నప్పుడు, ఆ మనిషి మంచం దిగి దొడ్డి దాకా వెళ్లేలా చేసే కొద్ది వేలు దండగ అనడం ఏ గణితంలోనూ నిలవదు. మనిషి కదలలేకపోవడంలో కొంత భాగం ఒంటిది, కొంత భాగం ఇంటిది. రెండో భాగాన్ని కట్టడంతోనే తగ్గించవచ్చు.

లబ్ధిదారే స్వయంగా కట్టుకునే ఇంట్లో ప్రభుత్వం తలదూర్చకూడదని, ఎవరి వాస్తు, ఎవరి అభిరుచి వారిదని మరో అభ్యంతరం ఉంది. ప్రభుత్వం ఇప్పటికే తలదూర్చింది. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదని, 600 దాటకూడదని తెలంగాణ చెబుతోంది. వంటకు చోటుతో కలిపి కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలని గ్రామీణ ఆవాస్ యోజన చెబుతోంది. మరుగుదొడ్డి ఉండాలని అన్ని పథకాలూ చెబుతున్నాయి. ఆరుబయట మలవిసర్జన సమాజానికి హాని కనుక మరుగుదొడ్డిని షరతు చేయడాన్ని స్వేచ్ఛకు భంగమని ఎవరూ అనలేదు. ఆ మరుగుదొడ్డిలోకి ఇంట్లోని అందరూ వెళ్లగలగాలన్న షరతు దాని కొనసాగింపే. వాస్తు దిక్కులను నిర్ణయిస్తుంది గాని తలుపు రెండున్నర అడుగులే ఉండాలని పట్టుబట్టదు.

చట్టం వైపు నుంచి వచ్చే సమర్థన కూడా పైపైదే. 2016 చట్టం ప్రజా భవనాలకు మాత్రమే సుగమ్యతను తప్పనిసరి చేసిందని, నివాస గృహం ప్రజలందరూ వచ్చిపోయే భవనం కాదని వాదిస్తారు. 2015 డిసెంబరులో మొదలైన సుగమ్య భారత్ అభియాన్ కూడా కార్యాలయాలు, రవాణా, సమాచార సాంకేతికతల చుట్టూనే తిరిగింది. కాని అదే చట్టం 44వ సెక్షన్ సుగమ్యతా నియమాలకు లోబడని నమూనాతో ఏ సంస్థకూ ఏ కట్టడానికీ అనుమతి ఇవ్వకూడదని, పూర్తయినట్టు ధ్రువపత్రం కూడా ఇవ్వకూడదని చెబుతుంది. అక్కడ వాడినది ప్రజా భవనం అన్న మాట కాదు, ఏ కట్టడమైనా అని. చట్టం నిర్వచనంలో సంస్థ అంటే ప్రభుత్వ కార్పొరేషన్లు, ప్రభుత్వ కంపెనీలు, స్థానిక సంస్థలు కూడా. ఆ లెక్కన గృహనిర్మాణ సంస్థలు తామే కట్టించే బ్లాకులు, కాలనీలు ఈ సెక్షన్ కిందికి వస్తాయి. లబ్ధిదారు సొంతంగా కట్టుకునే ఇళ్లు రావు, వాటికి సాయం షరతుల ద్వారానే దారి చూపాలి. భారతదేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక తొమ్మిదో అధికరణం సుగమ్యత వర్తించే వాటిలో గృహవసతిని పేరు పెట్టి చెప్పింది. ఇరవై ఎనిమిదో అధికరణం ప్రభుత్వ గృహ పథకాల్లో ప్రవేశాన్ని హక్కుగా చెప్పింది.

2016 చట్టం కింది సుగమ్యతా నియమాలు సలహాలే గాని ఆజ్ఞలు కావన్న చివరి ఆసరా కూడా 2024 నవంబరు 8న తొలగిపోయింది. రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, 2017 నాటి నిబంధనల్లోని 15(1) చట్టానికే విరుద్ధమని తీర్పు చెప్పింది. చట్టం తప్పనిసరి ప్రమాణాలు కోరుతుండగా ఆ నిబంధన మార్గదర్శకాలను మాత్రమే చేతికిచ్చిందన్నది దానికి కారణం. కోర్టుకు ఆ విషయంలో క్షేత్ర అధ్యయనం చేసి నివేదిక ఇచ్చింది హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమే. సడలించడానికి వీల్లేని కనీస నియమాలను విడిగా గుర్తించి తప్పనిసరి చేయాలని, మిగతావాటిని క్రమంగా అమలు చేయాలని ఆ తీర్పు చూపిన దారి గృహ పథకాలకు సరిగ్గా సరిపోతుంది. గుమ్మం, తలుపు, మరుగుదొడ్డి, గోడ మొదటి జాబితాలోకి చేరవలసినవి. చూపు లేనివారు ఒకేలా ఉన్న బ్లాకుల మధ్య తమ ఇంటిని చేత్తో తడిమి గుర్తించగలిగేలా ఉబ్బెత్తు అంకెలు, వినపడనివారికి కాంతితో పలికే గంట, చేతికందే ఎత్తులో స్విచ్చులు లాంటివి పెద్దగా ఖర్చు లేనివి కనుక వాటినీ అందులోనే చేర్చవచ్చు.

అమలుకు కొత్త యంత్రాంగం అక్కర్లేదు. ఈ పథకాల్లో సాయం ఒకేసారి చేతికి రాదు. ఇందిరమ్మ ఇళ్లలో బేస్‌మెంట్, గోడలు, శ్లాబు, పూర్తి అయిన దశల్లో విడతలుగా విడుదలవుతుంది, ప్రతి దశలోనూ అధికారులు వచ్చి చూస్తారు, ఫొటో తీసి స్థలం గుర్తుతో ఎక్కిస్తారు. గ్రామీణ ఆవాస్ యోజనలోనూ అంతే. బేస్‌మెంట్ దశలో రోడ్డుకూ పునాదికీ మధ్య ఎత్తు తేడా, గోడల దశలో స్నానాల గది ద్వారం వెడల్పు, చివరి దశలో గడప ఎత్తు, తలుపు తెరుచుకునే వైపు అన్న నాలుగు గడులను ఆ ఫారంలో చేరిస్తే చాలు. ఇప్పుడు ఆ ఫొటో ఇల్లు లేచిందా లేదా అన్నదే చెబుతోంది; ఇల్లు ఎవరికి పనికొస్తుందో కూడా అది చెప్పగలదు. కార్పొరేషన్లు పిలిచే టెండర్లలో 44వ సెక్షన్‌ను ధ్రువపత్రానికి షరతుగా రాస్తే కాంట్రాక్టరు మొదటి రోజు నుంచే అచ్చులను సరైన వెడల్పుతో తెప్పించుకుంటాడు.

ఇప్పటికే కట్టేసిన బ్లాకుల్లో చేయగలిగింది తక్కువే అయినా అది శూన్యం కాదు. కింది అంతస్తు గుమ్మాలకు వాలుదారులు వేయడం, పై అంతస్తుల్లో కదలలేని మనిషి ఉన్న కుటుంబానికి కింది ఇల్లు ఖాళీ కాగానే మార్చి ఇచ్చే హక్కును కేటాయింపు పత్రంలోనే రాయడం, ఇష్టపడిన రెండు కుటుంబాలు ఇళ్లు మార్చుకోవడానికి అమ్మకంపై ఉన్న నిషేధం అడ్డురాకుండా చూడడం, కాంక్రీటు గోడలకు ప్రభుత్వ ఖర్చుతో పట్టుకడ్డీలు బిగించడం ఈ ఏడాదే మొదలుపెట్టగలిగిన పనులు. 2024లో మొదలైన పట్టణ ఆవాస్ యోజన రెండో దశ దేశవ్యాప్తంగా కోటి ఇళ్లను లక్ష్యంగా పెట్టుకుంది. అందులో తెలుగు రాష్ట్రాల వాటాకు నమూనాలు ఖరారు చేసేటప్పుడు ఈ కొలతలు నమూనా పటంలోనే ఉండాలి, ఎందుకంటే అచ్చులు బిగించి కాంక్రీటు పోశాక ఏ కోర్టు తీర్పూ ఆ ద్వారాన్ని అర అడుగు వెడల్పు చేయలేదు.